వస్తువు దొరికే దాకా కాదు, గడియారం చెప్పే దాకా



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ అరుగుదల వంటి విషయాలను ఇక్కడ చదవడానికి అలవాటుపడిన మీకు నేటి విషయం వింతగా తోచవచ్చు. రాక్షసులను సంహరించి, వారు కూలినచోట రాలిపడే ఆయుధాలనూ కవచాలనూ ఏరుకొనే కంప్యూటర్ గేములను గురించి ఈ వ్యాసం. అందులోనూ కొత్త సీజన్ మొదలైన తొలి రోజులలో అరుదైన వస్తువుల కోసం ఆటగాళ్ళు చేసే వేటను గురించి. డెబ్బై దాటిన వైద్యునికి ఈ ముచ్చట ఎందుకని అడుగుతారేమో! కారణం చెబుతాను.

ఒక వేసవి సెలవులలో ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు మా ఇంటికి వచ్చాడు. అతడు ఆడే డయాబ్లో 4 గేములో ఆ రాత్రి కొత్త సీజన్ మొదలయింది. వయసు మీద పడినవారికి అలవాటే కదా, తెల్లవారుజామున మూడున్నరకు నేను లేచాను. అతని గది తలుపు కింద వెలుగు కనిపించింది. తలుపు తోసి, "ఇంకా పడుకోలేదా నాన్నా?" అని అడిగాను. తల తిప్పకుండానే, "ఇంకొక్కటి తాతయ్యా, వచ్చేస్తుంది" అన్నాడు. ఉదయం ఏడింటికి అతడే తన నానమ్మను మోటారు సైకిలు మీద బస్ స్టాండులో దింపవలసి ఉంది. ఎర్రబడిన కళ్ళతో తాళంచెవి అందుకొని, "నాకేం నిద్ర రావడం లేదు, బాగానే ఉన్నాను" అన్నాడు. నేను తాళంచెవి తీసి జేబులో వేసుకొని ఆటో పిలిపించాను. ఆ రోజంతా మనవడు నాతో సరిగా మాట్లాడలేదు.

"వచ్చేస్తుంది", "బాగానే ఉన్నాను" అన్న ఆ రెండు మాటలూ నన్ను వెంటాడాయి. రెండూ అబద్ధాలే. చెప్పినవాడు మాత్రం అబద్ధాలకోరు కాడు. అతని మెదడే అతనికి ఆ అబద్ధాలు చెప్పింది. అది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలనిపించింది. రోగిని చూడకుండా మందు వ్రాయడం మా వృత్తిలో తప్పు. కనుక అలక తీరిన తరువాత మనవడినే గురువుగా చేసుకొని నేనూ ఆ ఆట నేర్చుకున్నాను. ఈ అభిప్రాయం ఆట ఆడిన తరువాత ఏర్పడినదే.

ఈ వేట ఏమిటి?

తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా వివరిస్తాను. ఈ తరహా ఆటలను యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేములంటారు. బ్లిజార్డ్ సంస్థ 2000లో విడుదల చేసిన డయాబ్లో 2, న్యూజిలాండుకు చెందిన గ్రైండింగ్ గేర్ గేమ్స్ సంస్థ 2013లో తెచ్చిన పాత్ ఆఫ్ ఎగ్జైల్, 2023 జూన్‌లో వచ్చిన డయాబ్లో 4 వీటిలో ప్రసిద్ధమైనవి. శత్రువును చంపిన ప్రతిసారీ కొన్ని వస్తువులు రాలుతాయి. ఏది రాలుతుందన్నది లాటరీ వంటిది. కొన్ని వస్తువులు అత్యంత అరుదు. డయాబ్లో 4లోని హార్లెక్విన్ క్రెస్ట్ అనే శిరస్త్రాణం అటువంటిది. పాత ఆటగాళ్ళు దానిని ముద్దుగా 'షాకో' అంటారు.

దాదాపు మూడు నాలుగు నెలలకొకసారి కొత్త సీజన్ వస్తుంది. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో దీనినే లీగ్ అంటారు. అప్పుడు ధనవంతుడూ పేదవాడూ అన్న తేడా లేకుండా అందరూ కట్టుబట్టలతో మళ్ళీ మొదటి నుండి ప్రారంభించాలి. పాత సంపద పాత లోకంలోనే మిగిలిపోతుంది. కనుక తొలి వారంలో ఎవరికి మంచి వస్తువు దొరికితే వారు అందరికన్నా ముందు నిలుస్తారు. ఈ సమానత్వమే సీజన్‌లోని ఆకర్షణ. దానిని నేను తప్పు పట్టను. సంక్రాంతి కోడిపందేలకన్నా ఎంతో నిరపాయమైన ఉత్సాహమిది.

వస్తువు కోసం ఒకే శత్రువును పదేపదే చంపడాన్ని ఆటగాళ్ళు 'ఫార్మింగ్' అంటారు, అనగా సేద్యం. డయాబ్లో 2లో సీజన్ తొలినాళ్ళలో మెఫిస్టోను మళ్ళీ మళ్ళీ చంపేవారు, రూన్‌ల కోసం కౌంటెస్ ఉండే బురుజుకు పోయేవారు. డయాబ్లో 4లో 2023 అక్టోబరున మొదలైన రెండవ సీజన్‌తో డ్యూరియల్ అనే పురుగు రాక్షసుని వంతు వచ్చింది. అతనిని పిలవడానికి కావలసిన సామగ్రిని వేరే ఇద్దరు బాస్‌లను చంపి అప్పట్లో సంపాదించవలసి ఉండేది. ఆపైన అతనిని చంపాలి, వస్తువు చూడాలి, రాకపోతే మళ్ళీ మొదలుపెట్టాలి. నేను కూడా చేశాను. ఒక్కొక్క ప్రయత్నం కొద్ది నిమిషాలే. మోసమంతా ఆ 'కొద్ది నిమిషాలే' అన్నచోట ఉంది.

"వచ్చేస్తుంది" అన్న మొదటి అబద్ధం

లెక్క చూడండి. ఒక వస్తువు నూటికి రెండుసార్లు రాలుతుందనుకొందాం. అంటే సగటున యాభై ప్రయత్నాలకు ఒకటి. యాభైసార్లు చంపితే తప్పక దొరకాలి కదా అని మనసు అనుకొంటుంది. గణితం అలా అనదు. యాభై ప్రయత్నాల తరువాత కూడా నూరుమంది ఆటగాళ్ళలో దాదాపు 36 మందికి అది దొరకదు. నూరు ప్రయత్నాల తరువాత సుమారు 13 మంది, నూట యాభై తరువాత కూడా ఇంచుమించు ఐదుగురు వట్టి చేతులతోనే ఉంటారు. ఒక్కొక్క ప్రయత్నానికి నాలుగు నిమిషాలనుకొంటే, నూట యాభై ప్రయత్నాలంటే పది గంటలు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. నలభై తొమ్మిదిసార్లు విఫలమైన తరువాత యాభైయవసారి దొరికే అవకాశం ఎంత? మొదటిసారి ఎంతో అంతే, నూటికి రెండు. ఆటలో ప్రత్యేకంగా అలా ఏర్పాటు చేసి ఉంటే తప్ప, పాచికకు జ్ఞాపకశక్తి లేదు. మీరు రాత్రి మూడు గంటల దాకా మేలుకొన్నారని అది జాలిపడదు. నేడు మానేసి రేపు ఆడితే మీ 'వంతు' జారిపోదు, ఎందుకంటే అటువంటి వంతు అసలు లేదు. రాత్రి మూడింటికి చేసే యాభై ఒకటవ ప్రయత్నానికీ, మరునాడు సాయంత్రం ఆరింటికి చేసే యాభై ఒకటవ ప్రయత్నానికీ ఫలితం విషయంలో రవ్వంత భేదమైనా లేదు. భేదమంతా మీ శరీరం విషయంలోనే.

మరి మెదడు అలా ఎందుకు నమ్ముతుంది? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీనికి సమాధానమిస్తాయి. సి. బి. ఫెర్‌స్టర్‌తో కలిసి ఆయన ఆ ఫలితాలను 1957లో గ్రంథరూపంలో వెలువరించారు. నిర్ణీతసంఖ్యలో మీట నొక్కినప్పుడల్లా గింజ పడితే, గింజ తిన్నాక జీవి కొంత విశ్రమిస్తుంది. ఎన్నిసార్లకు పడుతుందో తెలియనప్పుడు మాత్రం విశ్రాంతి లేకుండా నొక్కుతూనే ఉంటుంది. ప్రతిఫలం ఆపివేసినా ఆ అలవాటు చాలాసేపటి వరకు వదలదు. ఆ తరువాతి దశాబ్దాలలో వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ వంటి శాస్త్రజ్ఞులు మెదడులోని డోపమైన్ కణాలను పరిశీలించి, ఊహించని ప్రతిఫలం వచ్చినప్పుడు అవి అధికంగా స్పందిస్తాయని చూపారు. ఊహించినదే వస్తే ఆ స్పందన తగ్గిపోతుంది. అరుదైన వస్తువు నేల మీద మెరిసిన క్షణంలో మనకు కలిగే పులకింత అటువంటిదే.

భోజనానికి కడుపు నిండడం హద్దు. పుస్తకానికి చివరి పుట హద్దు. క్రికెట్ ఆటకు చివరి బంతి హద్దు. ఈ వేటకు సహజమైన హద్దు లేదు. వస్తువు దొరకకపోతే 'ఇంకొక్కటి' అనిపిస్తుంది. దొరికితే, 'నేడు అదృష్టం బాగుంది, ఇంకొక్కటి' అనిపిస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి చేరుతాయి. కనుక హద్దు ఆట బయటి నుండి రావాలి, ఆట మొదలుకాక ముందే నిర్ణయం కావాలి. నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది: వస్తువు దొరికే దాకా ఆడకండి, గడియారం చెప్పే దాకా ఆడండి.

"బాగానే ఉన్నాను" అన్న రెండవ అబద్ధం

భారతదేశంలో ఉన్న ఆటగాళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. డయాబ్లో 4 సీజన్లు సాధారణంగా అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పదింటికి తెరుచుకొంటాయి. అక్కడి వేసవిలో అది మనకు రాత్రి పదిన్నర, శీతకాలంలో పదకొండున్నర. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయ్యే పాత్ ఆఫ్ ఎగ్జైల్ లీగ్ మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. కాలిఫోర్నియాలోని మన తెలుగు కుర్రవాడు కాఫీ తాగి కూర్చొనే వేళకు విజయవాడ కుర్రవాడు పడుకోవలసి ఉంటుంది. ఒకే పందెం, కానీ శరీరాలు వేరువేరు గడియారాల మీద నడుస్తున్నాయి.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ఫలితాన్ని ప్రకటించారు. వరుసగా 17 గంటలు మేలుకొన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాని స్థాయికి దిగజారుతుంది. 24 గంటలకు అది దాదాపు 0.10 శాతంతో సమానమవుతుంది. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం అనుమతించే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అనగా 0.03 శాతం. ఉదయం ఏడింటికి లేచి రాత్రంతా ఆడి, మళ్ళీ ఏడింటికి బండి తీసేవాడు ఒక చుక్క తాగకుండానే ఆ హద్దును ఎంతో దాటి ఉంటాడు. పోలీసువారి శ్వాస పరీక్షలో మాత్రం అతడు నెగ్గుతాడు. ఆనాడు నేను తాళంచెవి ఎందుకు తీసుకొన్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగిన మరొక అధ్యయనం సీజన్ తొలి పక్షానికి అతికినట్టు సరిపోతుంది. రోజుకు ఆరు గంటలు మాత్రమే నిద్రిస్తూ రెండు వారాలు గడిపినవారి ఏకాగ్రత, పూర్తిగా నిద్రలేనివారి స్థాయికి జారింది. వింత ఏమంటే, తమకు అంతగా నిద్రమత్తు ఉందని వారికే తెలియలేదు. అలసిన మెదడు తన అలసటను తానే కొలవలేదు. తక్కెడే చెడిపోయినప్పుడు తూకాన్ని ఎలా నమ్మగలం?

ఈ సత్యం నాకు గ్రంథాలకన్నా ముందు అనుభవం నేర్పింది. యువకునిగా ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులలో, ముప్పై గంటల డ్యూటీ చివర ఒక పసిబిడ్డకు మందు వ్రాస్తూ దశాంశ బిందువును ఒక స్థానం తప్పుగా పెట్టాను. ఆ సిస్టర్ కాగితం వెనక్కి తెచ్చి, "డాక్టర్ గారూ, ఒకసారి మళ్ళీ చూడండి" అన్నది. పది రెట్లు ఎక్కువ! ఆ క్షణం వరకు నన్ను అడిగి ఉంటే నేనూ 'బాగానే ఉన్నాను' అనేవాడినే. ఆ తల్లి లేకపోతే ఏమయ్యేదో తలచుకొంటే నేటికీ నా చేయి వణుకుతుంది. కంప్యూటరు ముందు కూర్చొన్న మీ పక్కన అటువంటి సిస్టర్ ఉండదు. అందుకే గడియారాన్ని ఆ స్థానంలో నిలబెట్టమంటున్నాను.

నిద్రపోతే వెనుకబడతామా?

ఇక్కడ యువపాఠకులు అభ్యంతరం చెబుతారని నాకు తెలుసు. "డాక్టర్ గారూ, తొలి రోజులే ముఖ్యం. పడుకొంటే ఇతరులు ముందుకు పోతారు" అంటారు. న్యాయమైన వాదనే. ఆట భాషలోనే దీనికి సమాధానం చెబుతాను.

మొదటిది, వస్తువుల వెల. ఆటగాళ్ళు పరస్పరం మారకం చేసుకొనే పాత్ ఆఫ్ ఎగ్జైల్ వంటి ఆటలలో తొలి రోజున ఓ మాదిరి మంచి వస్తువుకు కూడా గిరాకీ ఎక్కువ, సరఫరా తక్కువ. వేలాదిమంది ఏరుకొంటూ ఉండగా కొద్ది రోజులకే అటువంటివాటిలో చాలావాటి వెల పడిపోతుంది. మీరు అమ్మి లాభపడే వర్తకుడు కాకపోతే, తొలి రాత్రి చెమటోడ్చి సంపాదించినదే నాలుగు రోజుల తరువాత చవకగా వస్తుంది. అత్యంత అరుదైన కొన్నింటి ధర దిగకపోవచ్చు. అవి తొలి రాత్రి మేలుకొన్నవారిలోనూ నూటికి తొంభై తొమ్మిది మందికి దొరికేవి కావు. డయాబ్లో 4లో సైతం అత్యంత అరుదైన వస్తువులను పోగుచేసిన సామగ్రితో తయారు చేసుకొనే మార్గాన్ని తయారీదారులు తరువాత కల్పించారు. కేవలం అదృష్టం మీద ఆధారపడవలసిన అవసరం అంతమేరకు తగ్గింది.

రెండవది, పొరపాట్లు. హార్డ్‌కోర్ పద్ధతిలో ఆడేవారికి ఒక్కసారి చావడమంటే ఆ సీజన్‌లో ఆ పాత్ర చేజారినట్టే. సాధారణ పద్ధతిలో కూడా పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో పై అంచెలలో మరణించిన ప్రతిసారీ కూడబెట్టిన అనుభవంలో కొంత హరించుకుపోతుంది. నిద్రమత్తులో చావులు పెరుగుతాయి. మంచి వస్తువును చెత్తతో కలిపి కరిగించి వేయడమూ అప్పుడే జరుగుతుంది. మా మనవడు అలా ఒక ఉంగరాన్ని పోగొట్టుకొని రెండు రోజులు బాధపడ్డాడు.

మూడవది, తొలి గంటల రద్దీ. కొత్త సీజన్ తెరుచుకొన్న వేళ సర్వర్ల ముందు వరుసలో నిలబడవలసి రావడం, ఆట మధ్యలో తెగిపోవడం ఆటగాళ్ళందరికీ తెలిసినదే. రాత్రి పదింటికి పడుకొని ఉదయం ఐదింటికి లేచి మొదలుపెట్టేవాడు ఏడు గంటల నిద్రతో, ఖాళీ అయిన దారిలో నడుస్తాడు. ఆలస్యంగా బయలుదేరినా అతడు తక్కువ తప్పులతో సాగుతాడు.

మరొక మాట. వేట విసుగెత్తి, డబ్బు చెల్లించి బయటి వ్యాపారుల వద్ద వస్తువులు కొనాలన్న కోరిక కూడా తొలి వారంలోనే బలంగా పుడుతుంది. అది నియమాలకు విరుద్ధం, ఖాతా రద్దు కావచ్చు. డయాబ్లో 3లో తయారీదారులు స్వయంగా 2012లో నిజమైన డబ్బుతో నడిచే వేలంశాలను తెరిచారు. అది ఆట సారాన్నే దెబ్బతీస్తున్నదని గ్రహించి 2014 మార్చిలో మూసివేశారు. వేటలోని ఆనందాన్ని డబ్బు మింగివేస్తుందని వారే ఒప్పుకొన్నప్పుడు మనం వేరే రుజువు వెదకనక్కరలేదు.

వైద్యునిగా నా సూచనలు

ఆట మొదలుపెట్టక ముందే ఆపే సమయాన్ని కాగితం మీద వ్రాసి తెర పక్కన అతికించండి. అలారం ఫోనును చేతికందని దూరంలో పెట్టండి. దానిని ఆపడానికి కుర్చీలోంచి లేవక తప్పని స్థితి ఉండాలి. లేచిన తరువాత మళ్ళీ కూర్చోకపోవడం సులువు.

గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చొన్నప్పుడు మడమలను పైకీ కిందికీ ఆడించండి. పిక్క కండరాలే కాళ్ళలోని రక్తాన్ని గుండెకు నెట్టే పంపు. గంటల తరబడి కదలకపోతే లోపలి సిరలలో రక్తం గడ్డకట్టవచ్చు. కంప్యూటరు ముందు సుదీర్ఘంగా కూర్చొన్న యువకునిలో అటువంటి గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం తెచ్చిన ఉదంతాన్ని 2003లోనే న్యూజిలాండు వైద్యులు వైద్య పత్రికలో నమోదు చేశారు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోను చేయండి.

కెఫీన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి తాగిన ఎనర్జీ డ్రింక్ తెల్లవారుజామున మూడింటికి కూడా సగం మేర పనిచేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటిన తరువాత దాని జోలికి పోకపోవడం మేలు. దాహానికి మంచినీళ్ళు, మజ్జిగ చాలు.

పాత్ ఆఫ్ ఎగ్జైల్ వంటి ఆటలలో పనికిరాని వస్తువులను కనబడకుండా చేసే లూట్ ఫిల్టర్ ఉంటుంది. దానిని తప్పక వాడండి. అనవసరమైన క్లిక్కులు తగ్గితే బొటనవేలికీ మణికట్టుకూ విశ్రాంతి, కళ్ళకూ విశ్రాంతి. తెరవైపు చూస్తున్నప్పుడు రెప్పవేయడం బాగా తగ్గిపోతుంది. కనుక ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి.

మధుమేహానికి ఇన్సులిన్ తీసుకొనే యువకులకు ప్రత్యేకమైన హెచ్చరిక. చక్కెర పడిపోయినప్పుడు చెమట, వణుకు, గుండెదడ కలుగుతాయి. బాస్‌తో పోరాడే ఉత్కంఠలోనూ అవే కలుగుతాయి. ఒకదానిని మరొకటిగా పొరబడి ఆట కొనసాగిస్తే స్పృహ కోల్పోయే ప్రమాదముంది. అనుమానం వస్తే పాత్ర గతి ఏమైనా సరే, వెంటనే చక్కెర పరీక్షించుకోండి. 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజు తీసుకొని, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. భోజనవేళను ఆట కోసం జరపకండి.

తల్లిదండ్రులకు ఒక మాట

ముందుగా వయసు చూడండి. డయాబ్లో 4కు అమెరికాలో పదిహేడేళ్ళు, ఐరోపాలో పద్దెనిమిదేళ్ళు నిండినవారికే అన్న గుర్తింపు ఉంది. హైస్కూలు పిల్లవానికి అది తగినది కాదు.

పెద్దపిల్లల విషయంలో కరెంటు తీసివేయడం, నలుగురిలో తిట్టడం పనికిరావు. డయాబ్లో 4లో పోరాటం మధ్యలో ఆటను నిలిపే వీలు లేదన్న సంగతి పెద్దలకు తెలియదు. మీరు "ఇప్పుడే లే" అన్న క్షణాన లేస్తే వాడు గంటసేపు సంపాదించినది పోవచ్చు. "ఈ బాస్ అయ్యాక ఊళ్ళోకి వచ్చి ఆపెయ్ నాన్నా, ఐదు నిమిషాలు" అంటే మీకు ఆట తెలుసునన్న గౌరవం వానికి కలుగుతుంది. సీజన్ మొదలయ్యే తేదీ ముందే ప్రకటితమవుతుంది. ఆ వారాంతానికి ఏ వేళలలో ఆడాలో ముందే కూర్చొని మాట్లాడుకోండి. మాటకు కట్టుబడితే మెచ్చుకోండి.

వారం పదిరోజుల ఉత్సాహాన్ని చూసి వ్యసనమని ముద్ర వేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్‌కు స్థానమిచ్చింది. దాని లక్షణాలు మూడు. ఆట మీద అదుపు తప్పడం, జీవితంలోని ఇతర పనులన్నింటికన్నా ఆటకే ప్రాధాన్యం పెరగడం, హాని జరుగుతున్నా కొనసాగించడం. ఇవి చదువునూ ఉద్యోగాన్నీ బంధాలనూ గట్టిగా దెబ్బతీస్తూ, సాధారణంగా ఏడాదిపాటు కనిపించినప్పుడే దానిని రోగమంటారు. అటువంటి స్థితి ఉంటే సిగ్గుపడకుండా సహాయం కోరండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో సాంకేతిక పరికరాల అతివాడకానికి చికిత్స చేసే క్లినిక్ 2014 నుండి నడుస్తున్నది.

చివరిగా ఆ 'సేద్యం' అన్న మాట దగ్గరకే వస్తాను. మా తాతగారు మెట్టభూమిలో వ్యవసాయం చేశారు. వాన ఏనాడు పడుతుందో ఆయనకు తెలియదు. ఆయన సీజనూ లాటరీయే. అయినా దుక్కి దున్ని, విత్తు చల్లి, పొద్దుగుంకగానే ఇంటికి వచ్చి భోంచేసి పడుకొనేవారు. వాన కోసం రాత్రంతా పొలంలో నిలబడి ఆకాశం వంక చూసిన రైతును నేను ఎరుగను. తన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో ఆయనకు తెలుసు.

మా మనవడు ఇప్పుడు కొత్త సీజన్‌ను మరునాటి తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెడుతున్నాడు. అప్పుడప్పుడు మాట తప్పుతాడు. ఆ రోజున తనే తాళంచెవి తెచ్చి నా చేతికిస్తాడు. నాకు మాత్రం ఆ షాకో శిరస్త్రాణం ఇంతవరకు దొరకలేదు. సాయంత్రం నడక ముగించుకొని వచ్చాక ఓ గంట వేటాడి, దొరికినా దొరకకపోయినా భోజనానికి లేస్తున్నాను. రాత్రి పదింటికల్లా దీపం ఆర్పుతున్నాను.

మీరు కూడా హాయిగా ఆడండి. వేళకు పడుకోండి.